రాబోయే వీడియో గేమ్‌లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంకా విడుదల కాని వీడియో గేమ్‌ల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని ఒక ప్రశ్నగా కలిపి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రాబోయే గేమ్‌లలో మీరు అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఏది? ఎందుకో కూడా చెప్పగలరు.

జవాబు: నా మనసు ముందుగా 'లైట్ నో ఫైర్' వైపే వెళుతుంది. ఇంగ్లండులోని హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2023 డిసెంబరులో 'ది గేమ్ అవార్డ్స్' అనే పురస్కారాల వేదికపై దీనిని ప్రకటించింది. భూగోళమంత పెద్దదైన ఒకే ఒక కాల్పనిక గ్రహం ఇందులో ఉంటుందనీ, ఆటగాళ్లందరూ దానిమీద కలిసి సంచరించవచ్చుననీ ఆ సంస్థ చెప్పింది. అంత ప్రపంచాన్ని చేతితో నిర్మించడం ఎవరి తరమూ కాదు కాబట్టి, నేల అంతా గణిత సూత్రాల నుంచే పుడుతుంది. ఒక సంఖ్యను సూత్రానికి అందిస్తే ఒక కొండ, ఒక లోయ, ఒక అడవి ఏర్పడతాయి. అదే సంఖ్యను మరొకరి యంత్రంలో అందిస్తే అదే కొండ, అదే లోయ, అదే అడవి మళ్లీ ఏర్పడతాయి. అందువల్ల ప్రతి కొండ ఆకారాన్నీ ముందుగానే డిస్కులో దాచి ఉంచవలసిన పని లేదు.

ఈ పద్ధతిలో ఆ సంస్థకు మంచి అనుభవం ఉంది. అది 2016 ఆగస్టులో విడుదల చేసిన 'నో మ్యాన్స్ స్కై'లో 1,84,000 కోట్ల కోట్లకు పైగా గ్రహాలు ఉన్నాయి. అయితే ఆ గేమ్‌ను ఎంతో ఇష్టంగా ఆడిన నాకు కూడా ఒక వెలితి తెలుస్తూనే ఉండేది. గ్రహాలు అంతులేనన్ని ఉన్నప్పుడు, ఎంత అందమైన గ్రహాన్ని చూసినా మళ్లీ అక్కడికి రావలసిన అవసరం కలగదు. చూసిన చోటును వెంటనే వదిలి మరో చోటికి వెళ్లిపోవడమే అలవాటవుతుంది. అందరికీ కలిపి ఒకే గ్రహం ఉంటే పరిస్థితి మారవచ్చునని నా ఆశ. నేను చేరుకున్న శిఖరాన్ని నాకన్నా ముందు ఎవరో చేరుకొని ఉంటారు. నేను వేసుకున్న ఇంటి పక్కనుంచి ముక్కూ ముఖం తెలియని వారెవరో నడిచి వెళతారు. ఒక చోటికి విలువ రావాలంటే అక్కడ మనుషుల జాడ ఉండాలి. దూరపు కొండను చూసి, అది ఎంత దూరమో తెలిసీ, కాలినడకన బయలుదేరడమే ఆ గేమ్‌లో నేను చేయబోయే మొదటి పని.

ఈ ఆశకు ఒక హద్దు కూడా పెట్టుకోవాలి. 'నో మ్యాన్స్ స్కై' విడుదలైన మొదటి రోజుల్లో ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోట నిలబడి చూసుకోబోతే, ఒకరికొకరు కనిపించలేదు. విడుదలకు ముందు విన్న మాటలకూ చేతికి వచ్చిన గేమ్‌కూ పొంతన లేదని ఆనాడు చాలామంది నొచ్చుకున్నారు, అది న్యాయమైన బాధే. ఆ తరువాత ఆ సంస్థ ఏళ్ల తరబడి ఉచితంగా కొత్త భాగాలను చేరుస్తూ వచ్చింది. 2018లో వచ్చిన 'నెక్స్ట్' అప్‌డేట్‌తో ఆటగాళ్లు నిజంగా కలిసి ఆడగలిగారు. ఆ మొదటి రోజుల నిరాశనూ, ఆ తరువాతి ఓపికైన శ్రమనూ రెండింటినీ గుర్తుంచుకొనే నేను ఎదురుచూస్తున్నాను.

రెండో స్థానం రాక్షసులను వేటాడేవారి కథ అయిన 'ది విచర్ 4'కు ఇస్తాను. 2015 నాటి మూడో భాగంలో కొద్ది ఘట్టాలలో మాత్రమే మనం నడిపిన సిరి, ఈసారి ప్రధాన పాత్రగా వస్తోంది. 2024 డిసెంబరులో చూపించిన ట్రైలర్‌లో, ఒక గ్రామం వారు రాక్షసికి బలిగా పంపిన యువతిని సిరి కాపాడుతుంది; తిరిగి వచ్చేసరికి ఆ యువతిని గ్రామస్థులే చంపివేసి ఉంటారు. రాక్షసిని చంపడం కన్నా దానిచుట్టూ అల్లుకున్న భయాన్ని తొలగించడం ఎంత కష్టమో ఆ కొద్ది నిమిషాలలోనే తెలిసింది. ఆ కష్టాన్ని ఆటగాడి నిర్ణయాలలోకి తీసుకురాగలిగితే, అది గొప్ప గేమ్ అవుతుంది.

ప్రశ్న: 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6' మళ్లీ మళ్లీ వాయిదా పడుతోంది. ఇలా వాయిదాలు వేయడం ఆటగాళ్లను చులకన చేయడం కాదా?

జవాబు: మీ అసహనం అర్థం చేసుకోదగినదే. ఐదో భాగం 2013 సెప్టెంబరు 17న వచ్చింది. ఆరో భాగపు మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చినప్పుడు విడుదల 2025లో అన్నారు. 2025 మే నెలలో ఆ తేదీని 2026 మే 26కు జరిపారు. 2025 నవంబరులో దానిని మళ్లీ 2026 నవంబరు 19కి మార్చారు. అయినా దీనిని చులకనగా నేను భావించను. గేమ్ తయారీలో చివరి నెలలే అన్నిటికన్నా కఠినమైనవి. విడివిడిగా చక్కగా పనిచేసిన వాహనాలు, వాతావరణం, జనసమూహం, పోలీసులు, సంభాషణలు అన్నీ ఒకే చోట కలిసినప్పుడు, ఎవరూ ఊహించని లోపాలు బయటపడతాయి. ఒకదానిని సరిచేస్తే మరొకటి చెడుతుంది. అంతా కుదిరిన తరువాత కూడా కన్సోల్ (టీవీకి కలిపి ఆడే గేమ్ యంత్రం) తయారీదారుల పరీక్షలలో నెగ్గాలి.

ఈ గేమ్‌ను తయారుచేస్తున్న రాక్‌స్టార్ సంస్థే 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'ను 2017లో తెస్తామని చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరకు 2018 అక్టోబరు 26న విడుదల చేసింది. ఆ గేమ్‌లో గుర్రం నడక, బురదలో అడుగుజాడలు, పలకరింపుకు జనం ఇచ్చే బదులు చూసినవారెవరూ ఆ ఆలస్యాన్ని తప్పుపట్టలేదు. అయితే వాయిదా పడిన ప్రతి గేమూ బాగుపడుతుందని అనుకోరాదు. 'సైబర్‌పంక్ 2077' 2020లోనే మూడుసార్లు వాయిదా పడి డిసెంబరు 10న వచ్చింది. పాత కన్సోళ్లపై దాని పరిస్థితి ఎంత దారుణంగా ఉందంటే, సోనీ సంస్థ డిసెంబరు 18న దానిని తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తొలగించింది, తిరిగి 2021 జూన్‌లో గాని చేర్చలేదు. 2013 నాటి యంత్రాల శక్తికి ఆ గేమ్‌లోని నగరం చాలా బరువైంది. అందుకే నేను వాయిదా ఎంతకాలమన్నదానికన్నా, గేమ్ ఏ యంత్రాలకు వస్తుందన్నదానికే ఎక్కువ విలువ ఇస్తాను. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6'ను ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ యంత్రాలకే ప్రకటించారు, పాత తరాన్ని వదిలివేశారు. పాత యంత్రాలు ఉన్నవారికి అది బాధ కలిగించినా, గేమ్‌కు అదే మేలు.

ప్రశ్న: ట్రైలర్ చూసి మోసపోకుండా ఉండేదెలా? అందులో ఏది నిజమైన ఆటో, ఏది కేవలం దృశ్యమో తెలియడం లేదు.

జవాబు: ట్రైలర్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, ఆటతో నిమిత్తం లేకుండా ముందుగానే చిత్రించి పెట్టిన లఘుచిత్రం. రెండవది, గేమ్‌లోని సాంకేతికతతోనే నడుస్తున్నా, కెమెరాను ఎంపిక చేసిన కోణాలలో తిప్పి చూపేది. మూడవది, ఎవరో ఒకరు చేతిలో కంట్రోలర్ పట్టుకొని నిజంగా ఆడుతుండగా తీసినది. పైన చెప్పిన 'విచర్ 4' తొలి ట్రైలర్ మొదటి రకం, ఆ విషయాన్ని దాని తయారీ సంస్థ దాచలేదు. 2025 జూన్‌లో అదే ప్రపంచాన్ని ప్లేస్టేషన్ 5 పై సెకనుకు 60 చిత్రాల (ఫ్రేముల) వేగంతో నడిపి చూపినప్పుడు కూడా, అది సాంకేతిక ప్రదర్శన మాత్రమేననీ, గేమ్‌లోని భాగం కాదనీ స్పష్టంగా చెప్పింది. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. అయినా ఆ ప్రదర్శనను గేమ్‌గానే భావించి సంబరపడినవారు చాలామంది ఉన్నారు.

చూసేటప్పుడు కొన్నిటిని గమనించండి. తెరపై ప్రాణశక్తిని చూపే గీత, పటం, గురి చూసే గుర్తు వంటివి ఉన్నాయా? కెమెరా పాత్ర వెనుకనే ఉంటూ, ఆడేవారి చేతి తడబాటుకు తగినట్లు కదులుతోందా, లేక సినిమాలోలాగా సాఫీగా జారుతోందా? పాత్ర గోడకు తగిలినా, గురి తప్పినా, దారి తప్పినా అది మంచి సూచనే. మనిషి ఆడుతున్నాడనడానికి అంతకంటే రుజువు వేరే లేదు. ఒకే ఘట్టాన్ని కోత లేకుండా పది నిమిషాలు చూపే ధైర్యం సంస్థకు ఉంటే, మూడు నిమిషాల మెరుపుల ట్రైలర్ కన్నా దానినే నమ్మండి. తెర అడుగున చిన్న అక్షరాలలో కనిపించే వాక్యాన్ని కూడా ఆపి చదవండి. 2025 మే నెలలో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6' రెండో ట్రైలర్‌ను ప్లేస్టేషన్ 5 పైనే చిత్రీకరించామనీ, అందులో ఆటా, కథా దృశ్యాలూ సగం సగం ఉన్నాయనీ రాక్‌స్టార్ ప్రకటించింది. అటువంటి మాట లేని ట్రైలర్‌ను అందమైన వాగ్దానంగా మాత్రమే చూడాలి.

ప్రశ్న: విడుదలకు ముందే డబ్బు చెల్లించి కొనడం మంచిదా?

జవాబు: సాధారణంగా అవసరం లేదు. డౌన్‌లోడ్ చేసుకొనే గేమ్‌కు సరుకు అయిపోవడమంటూ ఉండదు. ముందుగా కొన్నవారికి ఇచ్చే దుస్తులు, ఆయుధాల కోసం తొందరపడటం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. తప్పనిసరిగా కొనాలనుకుంటే, డబ్బు వెనక్కి ఇచ్చే నిబంధనలను ముందుగా చదవండి. కంప్యూటర్ గేమ్‌లను అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో విడుదలకు ముందు ఎప్పుడైనా డబ్బు వెనక్కి అడగవచ్చు. విడుదల తరువాత 14 రోజుల లోపల, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే అడగవచ్చు. సమీక్షలు మీ యంత్రంపైనే ఆడి రాసినవో కాదో కూడా చూడండి. 'సైబర్‌పంక్ 2077' విడుదలకు ముందు వచ్చిన సమీక్షలు కంప్యూటర్‌పై ఆడి రాసినవి కావడం వల్లనే, కన్సోల్ కొనుగోలుదారులు అంతగా దెబ్బతిన్నారు.

ప్రశ్న: 'ది ఎల్డర్ స్క్రోల్స్ 6'ను 2018లో ప్రకటించారు. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: ఆశ వదులుకోనక్కరలేదు, కాని రోజూ తలచుకోవడం మానండి. 2018 జూన్‌లో చూపినది కొండల మీదుగా సాగిన ఒక దృశ్యమూ, పేరూ మాత్రమే. దానిని తయారుచేసే బెథెస్డా సంస్థ అప్పటికి 'స్టార్‌ఫీల్డ్' అనే మరో గేమ్ పనిలో ఉంది, అది 2023 సెప్టెంబరులో గాని రాలేదు. ఇలా ఏళ్లు పట్టిన గేమ్‌లు వేరేవీ ఉన్నాయి: 'మెట్రాయిడ్ ప్రైమ్ 4'ను 2017లో ప్రకటించి, 2019 జనవరిలో పని మొత్తాన్ని మొదటినుంచి మళ్లీ ప్రారంభించారు. 2025 డిసెంబరులో అది వచ్చింది. ఇంకో వైపు, 1997లో ప్రకటించి 2011లో విడుదల చేసిన 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' అన్నేళ్ల నిరీక్షణకు తగినట్లు లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. స్నేహితులందరూ ఆడబోతున్నారని, 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6' కొనిపెట్టమని ఇప్పటినుంచే అడుగుతున్నాడు. ఏమి చేయమంటారు?

జవాబు: కొనవద్దనే నా సలహా. ఐదో భాగానికి యూరప్‌లోని పెగీ సంస్థ 18 ఏళ్లు, అమెరికాలోని ఈఎస్ఆర్‌బీ 17 ఏళ్లు కనీస వయసుగా నిర్ణయించాయి. ఈ వరుసలోని కథలు నేరం, హింస, లైంగిక విషయాల మధ్యనే నడుస్తాయి. వద్దని ఊరుకోకుండా, ట్రైలర్‌ను అబ్బాయితో కలిసి చూసి, అందులో తనను ఆకర్షించినది ఏమిటో అడగండి. నగరమంతా తిరగడం, కార్లు నడపడం అని చెబితే, 'ఫోర్జా హొరైజన్' వరుస అతనికి బాగా సరిపోతుంది. మెక్సికో నేపథ్యంలో 2021లో వచ్చిన ఐదో భాగాన్ని చిన్న పిల్లలు కూడా ఆడవచ్చు. తరువాతి భాగం జపాన్‌లో నడుస్తుందని 2025లో ప్రకటించారు. అతను ఎదురుచూడటానికి అదీ మంచి గేమే. కన్సోల్‌లో వయసు పరిమితిని అమర్చే సదుపాయం ఉంది, దానిని అబ్బాయికి తెలియజేసి, అతని ఎదుటనే అమర్చండి. ఆన్‌లైన్‌లో అపరిచితులతో మాటలకు విడిగా అనుమతి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంటుంది, దానిని మరువకండి.

ప్రశ్న: నా కంప్యూటర్ పాతది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేదు. నేను ఎదురుచూడదగిన గేమ్‌లు ఉన్నాయా?

జవాబు: చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటిపై నాకు పెద్ద గేమ్‌లకన్నా ఎక్కువ ప్రేమ. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరు 4న విడుదలైన 'హాలో నైట్: సిల్క్‌సాంగ్'ను చూడండి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో పట్టుమని పదిమంది కూడా లేని బృందం దానిని తయారుచేసింది. అది నిరాడంబరమైన కంప్యూటర్లపై కూడా హాయిగా నడుస్తుంది. ఇంకా రావలసినవాటిలో నేను ఆత్రంగా చూస్తున్నది 'హాంటెడ్ చాకొలేటియర్'. 2016లో 'స్టార్‌డ్యూ వ్యాలీ'ని ఒంటరిగా తయారుచేసిన ఎరిక్ బరోన్ దీనిని 2021 అక్టోబరులో ప్రకటించారు. దయ్యాలున్న కోటలో కాపురముంటూ, సరుకులు సేకరించి, చాకొలెట్లు చేసి, ఊరి దుకాణంలో అమ్మడం ఇందులో మన పని. 'స్టార్‌డ్యూ వ్యాలీ'లో ఒక రోజు పూర్తికాగానే ఇంకొక్క రోజు ఆడదామనిపించే ఆ చిత్రమైన పట్టు దీనిలోనూ ఉంటుందని నా నమ్మకం. పైగా ఆయన తొందరపడి ఏదీ విడుదల చేసే మనిషి కాదు. ఈలోగా స్టీమ్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే 'నెక్స్ట్ ఫెస్ట్'ను తప్పక చూడండి. రాబోయే గేమ్‌ల డెమోలు (ఆడి చూసే నమూనా భాగాలు) వందల సంఖ్యలో అక్కడ ఉచితంగా దొరుకుతాయి. అవి మీ యంత్రంపై నడుస్తాయో లేదో కొనకుండానే పరీక్షించవచ్చు. నచ్చినవాటిని కోరికల జాబితాలో చేర్చుకుంటే, విడుదలైన రోజున స్టీమే మీకు కబురు పంపుతుంది.