కొత్తగా పరిచయమైన వారితో కలిసి స్పితి లోయలో లిఫ్ట్ ప్రయాణం చేయవచ్చా?

ఒంటరిగా హిమాచల్ ప్రదేశ్ వెళ్తున్నాననీ, దారిలో కలిసినవారితో జట్టుకట్టి లిఫ్ట్ అడుగుతూ కిన్నౌర్, స్పితి ప్రాంతాలు చూడాలనుకుంటున్నాననీ, అది క్షేమమేనా అనీ మీరు అడిగారు. నిస్సంకోచంగా వెళ్ళిరండి. అయితే ఆ కొండల్లో కొత్తవారి వల్ల కలిగే ప్రమాదం కంటే, కొత్తవారి దగ్గర మనకుండే మొహమాటం వల్ల కలిగే ప్రమాదమే ఎక్కువని నా అనుభవం.

కిన్నౌర్‌లోని రెకాంగ్ పియో బస్టాండులో, స్పితిలో ముఖ్య పట్టణమైన కాజాకు వెళ్ళే బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు నాకు కేరళకు చెందిన ఒక నర్సు, పూణె నుంచి వచ్చిన ఇద్దరు యువకులు పరిచయమయ్యారు. దారిలో కొండచరియ విరిగిపడడంతో బస్సు అక్కడిదాకానే వెళ్ళింది. సంచులు వీపున వేసుకుని, రాళ్ళు జారుతున్న ఆ కాస్త దూరమూ కూలీలు చూపించిన చోట అడుగులు వేస్తూ నడిచి దాటాక, అవతలి నుంచి మా లిఫ్ట్ ప్రయాణం మొదలైంది. నలుగురం వరసగా రోడ్డు పక్కన నిలబడితే ఒక్క బండీ ఆగలేదు. లారీ క్యాబిన్‌లోనైనా, పికప్ బండిలోనైనా డ్రైవరు పక్కన ఇద్దరికి మించి చోటు ఉండదు కాబట్టి ఇద్దరిద్దరుగా విడిపోయి, సాయంత్రానికి టాబో ఊళ్ళోని గొంప (బౌద్ధ మఠం) ద్వారం దగ్గర కలుసుకుందామని అనుకున్నాము. ఆ దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. అందువల్ల కలుసుకునే చోటూ, అది తప్పితే మరుసటి ఉదయం ఎక్కడ ఎదురుచూడాలన్నదీ విడిపోయే ముందే నోటితో అనుకోవడం చాలా అవసరం. క్రీ.శ. 996లో స్థాపించిన ఆ మఠం తెలియని డ్రైవరు ఆ లోయలో ఉండడు గనుక, అక్కడ దింపమంటే చాలు.

లిఫ్ట్ అడగడానికి మలుపుల దగ్గర నిలబడకండి. సుమ్‌దో లాంటి చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఎలాగూ నెమ్మదిస్తాయి, అక్కడ డ్రైవరు ముఖం చూసి మాట్లాడే వీలుంటుంది. "భైయా, ఆగే తక్ లే చలోగే?" (అన్నా, ముందుదాకా తీసుకెళ్తావా?) అని అడిగి, ఎక్కకముందే డబ్బు ఏమైనా ఇవ్వాలా అని కూడా స్పష్టంగా అడగండి. బస్సులు తక్కువగా ఉన్న ఆ లోయలో స్థానికులు కూడా పికప్ బండ్లలో ఎంతో కొంత ఇచ్చి ప్రయాణిస్తుంటారు. దిగేటప్పుడు బేరమాడితే మన వెనక వచ్చేవారికి బండి ఆగదు.

ఇక అసలు విషయానికి, అంటే ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి కలిగే అస్వస్థతకు వస్తాను. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఒక రాత్రి పడుకున్న ఎత్తుకంటే మరుసటి రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. అందుకే 2,000 మీటర్ల మనాలీ నుంచి ఒక్కరోజులో 4,550 మీటర్ల కుంజుం కనుమ దాటి కాజా చేరడం కంటే, సిమ్లా వైపు నుంచి కల్పా, టాబోలలో ఆగుతూ నెమ్మదిగా ఎక్కి, మనాలీ వైపు దిగడం శరీరానికి ఎంతో మేలు. కానీ ఎంత నెమ్మదిగా ఎక్కినా ఎవరికి ఎప్పుడు తలనొప్పి మొదలవుతుందో చెప్పలేము. చిన్ననాటి స్నేహితులైతే "నావల్ల కాదు, దిగిపోదాం" అని మొహం మీదే అంటారు. నిన్న పరిచయమైనవారు మాత్రం తమ వల్ల అందరి ప్రయాణమూ పాడవుతుందేమోనని నొప్పి దాచుకుని నవ్వుతూ నడుస్తారు. మా నర్సుకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టి, పియోలోనే టీ తాగుతూ ఒక ఒప్పందం చేయించింది: ప్రతి సాయంత్రం ఒక్కొక్కరూ తల, కడుపు, నిద్ర ఎలా ఉన్నాయో చెప్పాలి; ఎవరికి బాగాలేకపోయినా ఒకరు తోడుండి కిందికి తీసుకువెళ్ళాలి; మిగిలినవారు తమ దారిన వెళ్తే దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు.

ఆ ఒప్పందమే లాంగ్జాలో అక్కరకొచ్చింది. ఆ ఊరు కాజాకు పైన దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. పూణె యువకుల్లో ఒకడు మధ్యాహ్నం నుంచీ మాటలు తగ్గించేశాడు, పెట్టిన థుక్పా ముట్టలేదు. నర్సు నేరుగా అడిగేసరికి తలనొప్పి ఉందనీ, రెండుసార్లు వాంతి అయిందనీ ఒప్పుకున్నాడు. రాత్రికి అక్కడే పడుకోవాలని ఎంత ఆశ ఉన్నా, చీకటి పడకముందే ఒక పికప్ బండిని బతిమాలి అతణ్ణి కాజా ఆసుపత్రికి దించాము. అతని స్నేహితుడు తోడుగా ఉండిపోయాడు. నిష్ఠూరాలూ సంజాయిషీలూ లేకుండా అలా విడిపోగలగడం ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

మిగిలిన మేమిద్దరం కుంజుం మీదుగా మనాలీ చేరింది బఠాణీ బస్తాల లారీలో. స్పితి రైతులకు పచ్చి బఠాణీ ముఖ్యమైన వాణిజ్య పంట. కోతల కాలంలో లారీలు మనాలీ వైపు దిగుతాయి, మీ ప్రయాణం అప్పుడు పడితే అడిగి చూడండి. తెల్లవారకముందే బయలుదేరాలని డ్రైవరు పట్టుబట్టాడు, ఎందుకంటే ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి, బాతల్ దాటాక రోడ్డుకు అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి. అంత తొందరలోనూ కనుమ మీద కుంజుం మాత గుడి చుట్టూ లారీని ప్రదక్షిణగా తిప్పి, దిగి, ఒక నాణెం తీసి అక్కడి రాయికి అదిమాడు. అది అతుక్కుంటే అమ్మవారు కోరిక విన్నట్టని అక్కడివారి నమ్మకం. అతుక్కున్నాకే ఇంజను మళ్ళీ స్టార్ట్ చేశాడు.

మీరు మహిళ అయితే కనీసం ఒక తోడుతోనే ఎక్కండి, పగటిపూటే ఎక్కండి, బండి నంబరు ఫోటో తీసి సిగ్నల్ దొరికిన వెంటనే ఇంటికి పంపండి. ఆ ఫోటో డ్రైవరుకు కనిపించేలా తీయడంలో తప్పేమీ లేదు. జట్టు ఖర్చుల లెక్క ఏ రాత్రికారాత్రి తేల్చుకోండి. లిఫ్ట్ దొరకని రోజు కోసం బస్సు చార్జీ, ఒక రాత్రి హోమ్‌స్టే ఖర్చు నగదుగా విడిగా ఉంచుకోండి. లోసర్ దాటాక మాత్రం ఏడాది పొడవునా మనుషులుండే ఊరు చాలా దూరం వరకు తగలదు కాబట్టి, మనాలీ వైపు పూర్తిగా దిగే బండి అయితేనే అక్కడ ఎక్కండి.