షార్లెట్ కూర్చున్న వెనక గది

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. బస్టాండులో వాళ్లిద్దరూ విడిపోయే సీను బాగా కుదిరింది. కానీ చదవడం అయ్యాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ అబ్బాయి జీతం ఎంత? ఆ పిల్ల తండ్రి పెళ్లికని ఏమైనా దాచాడా? డబ్బు మాట ఎత్తితే ప్రేమ చిన్నబోతుందని భయపడ్డావేమో. నీ వయసులో నాకూ అదే భయం ఉండేది. అది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదివాకే పోయింది.

ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ ఆ నవలలో డబ్బు లెక్కలు దాచిపెట్టదు. పెళ్లికాని బింగ్లీకి ఏడాదికి నాలుగైదు వేల పౌండ్లు. అతని స్నేహితుడు డార్సీకి 10,000. అతను డాన్సు హాల్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే ఆ సంగతి అందరికీ పాకిపోతుంది. కథానాయిక ఎలిజబెత్ తండ్రి బెనెట్‌గారికి 2,000 వస్తాయి గానీ, ఆ ఎస్టేటు మగ వారసుడికే చెందాలన్న కట్టడి ఉంది. ఆయనకు ఐదుగురూ ఆడపిల్లలే. ఆయన కన్ను మూస్తే ఇల్లు దాయాది కాలిన్స్ పాలవుతుంది. ఇది తెలిశాక, సంబంధాల కోసం ఆ తల్లి పడే ఆరాటం చూసి నాకు నవ్వు రాలేదు. పెళ్లీడు కూతుళ్లున్న ఇంట్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మనం చూడనిదా?

ఆ కాలిన్స్ పెళ్లాడమని అడిగితే ఎలిజబెత్ వద్దంటుంది. మూడు రోజులు తిరక్కుండానే ఆమె స్నేహితురాలు షార్లెట్ అతనికి సరేనంటుంది. షార్లెట్‌కు 27 ఏళ్లు, చేతిలో ఆస్తి లేదు. నాకు కావలసింది నిశ్చింతగా ఉండే ఇల్లు, అంతే అని దాచకుండా చెబుతుంది. తర్వాత ఎలిజబెత్ వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్తుంది. ఆడవాళ్లు కూర్చునే గది ఇంటి వెనకవైపు ఉంటుంది. ఇంతకంటే పెద్ద గది, చక్కటిది ఉండగా ఇక్కడెందుకని ఆమెకు మొదట అర్థం కాదు. కాలిన్స్ గది రోడ్డు వైపు ఉంది. వీళ్లు కూడా అంత బాగున్న గదిలో కూర్చుంటే అతను తన గదిలో ఉండడు, వీళ్ల దగ్గరే చేరతాడు. షార్లెట్ అది ఆలోచించే వెనక గది ఎంచుకుంది. ఆమె కష్టం గురించి ఆస్టెన్ అక్కడ ఒక్క కన్నీటి వాక్యం రాయలేదు. గది చూపించి ఊరుకుంది. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకో మాట. 1802 డిసెంబరులో ఆస్తిపరుడైన ఒక యువకుడు పెళ్లాడమని అడిగితే ఆస్టెన్ ఒప్పుకుంది, మర్నాడు పొద్దున్నే వద్దనేసింది. అప్పటికి ఆమెకు 27 నిండబోతున్నాయి. షార్లెట్ మీద ఆమెకు కోపం లేకపోవడం నాకు అందుకే అర్థమవుతుంది.

ఈ నవల మొదటి పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్', అంటే తొలిచూపు అభిప్రాయాలు. 1797లో ఆస్టెన్ తండ్రి లండన్ పబ్లిషరుకు ఉత్తరం రాస్తే, రాతప్రతి చూడకుండానే వద్దన్నారు. 1813లో అచ్చయ్యేసరికి పేరు మారింది. కానీ లోపల నడిచేది తొలిచూపు కథే. డార్సీ పొగరు చూసి ఎలిజబెత్‌తో పాటు మనమూ అతన్ని ఏవగించుకుంటాం. డార్సీ తనకు అన్యాయం చేశాడని చెప్పుకునే సైనికాధికారి విక్‌హామ్ మాటల తీపికి ఆమెతో పాటు మనమూ పడిపోతాం. విక్‌హామ్ అసలు రంగు చెబుతూ డార్సీ రాసిన ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాక ఆమెకు తడుతుంది: ముక్కూమొహం తెలియని నాతో విక్‌హామ్ తన కష్టాలన్నీ ఎందుకు చెప్పుకున్నాడు? ఆ ఆధారం మన కళ్ల ముందే ఉంది, మనమే చూడలేదు. నీ కథలో మోసగాడు నల్ల కళ్లజోడుతో దిగగానే తెలిసిపోతున్నాడు. అతన్ని ముందు నాకు నచ్చేలా రాయి తల్లీ.

చివరికి డార్సీ ప్రేమ కూడా డబ్బులోనే తెలుస్తుంది చూడు. విక్‌హామ్‌తో లేచిపోయిన ఎలిజబెత్ చెల్లెలు లిడియా పరువు నిలబెట్టడానికి అతను విక్‌హామ్‌కున్న 1,000 పౌండ్లకు పైబడ్డ అప్పు తీర్చి, ఆ సంగతి గుట్టుగా ఉంచమంటాడు. మొదట్లో పొగరుగా కనబడిన సొమ్మే ఇక్కడ గుండె కరిగిస్తుంది.

నీ బస్టాండు సీను అలాగే ఉంచు. ఆమెను బస్సెక్కించాక అతని జేబులో ఎంత మిగిలింది, ఇంటికి ఆటోలో వెళ్లాడా నడిచి వెళ్లాడా, అది ఒక పేజీ రాసి పంపు. నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ