నాన్న భుజాల మీద ఉన్నది నేనా, అక్కా?

ప్రశ్న: 2000 ఆగస్టులో కుండపోత వానకి హైదరాబాద్ మునిగినప్పుడు మేం దోమల్‌గూడలో ఉండేవాళ్లం, నాకు ఐదేళ్లు, అక్కకి ఎనిమిది. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని నీళ్లలో నడుచుకుంటూ పక్క వీధిలో మేడ మీదకి చేర్చారు, నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉంది, మొత్తం కళ్లకి కట్టినట్టు గుర్తు. అక్కేమో "భుజాల మీద ఉన్నది నేనే, నిన్ను అమ్మ ఎత్తుకుంది" అంటుంది. నాన్న ఇప్పుడు లేరు. అమ్మని అడిగితే "ఎవరైతే ఏంటే, బయటపడ్డాంగా" అంటుంది. మా ఇద్దర్లో ఎవరు అబద్ధమాడుతున్నట్టు?
- ఓ పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఎవరూ ఆడట్లేదండీ, గొడవ మాత్రం తెగదు. ఇలాంటి తగాదాల మీద ఏకంగా రీసెర్చే జరిగింది, షీన్, కెంప్, రూబిన్ అనే ముగ్గురు 2001లో కవలల్ని కూర్చోబెట్టి చిన్ననాటి సంగతులు అడిగితే ఒకే సంఘటనని ఇద్దరూ "అది జరిగింది నాకే" అని పట్టుబట్టిన జంటలు బోలెడు తేలాయి. మీరు కవలలు కాకపోయినా ఒకే ఇల్లు, అదే వాన, ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటారో!

అసలు ఆ రోజు మొత్తం బుర్రలో ఒకేచోట ఉండదు. చూసింది తల వెనక భాగంలో, విన్నది చెవుల పక్కన, భయం అమిగ్డాలా అనే చిన్న భాగం దగ్గర, వీటిని కలిపే పని హిప్పోక్యాంపస్ అనే ఇంకో భాగానిది. గుర్తు చేసుకున్న ప్రతిసారీ ఈ ముక్కల్ని పోగేసి మళ్లీ కడతాం, ఎక్కడైనా ఖాళీ కనపడితే విన్న కథలోంచో ఫొటోలోంచో తెచ్చి పూడ్చేస్తాం, అలా పూడ్చామన్న సంగతి మనకే తెలీదు.

ఒకటి చూసుకోండి, ఆ సీన్‌లో మీకు నాన్న జుట్టు, కింద నీళ్లు కనపడుతున్నాయా, లేక నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లగా మీరే కనపడుతున్నారా? రెండోదైతే బయటి నుంచి చూస్తున్నారన్నమాట, అది విన్న కథలోంచి కట్టుకున్న సీన్ కూడా కావచ్చు. అయితే తొందరపడి అక్క గెలిచినట్టు ఒప్పుకోకండి, నిజంగా జరిగినవి కూడా పాతబడేకొద్దీ చాలామందికి ఇలాగే కనిపిస్తాయి.

బిస్కెట్ ప్యాకెట్ సాక్ష్యం కూడా చెల్లదు, సారీ. 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ పేలిన మర్నాడే నైసర్, హార్ష్ అనే సైకాలజిస్టులు స్టూడెంట్స్‌తో "వార్త విన్నప్పుడు ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు" అని రాయించుకుని 1988లో మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఫుల్ కాన్ఫిడెన్స్‌తో. వాళ్ల చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇక అమ్మని "భుజాల మీద ఎవరు" అని అడగడం మానేయండి, అలా అడిగితే మీ ఇద్దరి కథే ఆవిడ నోట్లో పెట్టినట్టవుతుంది. అక్క లేనప్పుడు ఊరికే "ఆ రోజు ఏం జరిగిందమ్మా" అని అడిగి మధ్యలో అందించకుండా వినండి.