ఇంటీరియర్ పని 45 రోజుల్లో అయిపోతుందా?

"ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయి, డిజైనర్ 45 రోజుల్లో ఇచ్చేస్తానంటున్నాడు, పని ఎలా సాగుతుంది?" అని అడిగారు. హైదరాబాద్‌లో ఇలాంటి పనులు దగ్గరుండి చేయిస్తుంటాను కాబట్టి చెప్తున్నాను. ఆ 45 రోజులు ఎప్పట్నుంచి లెక్కో ముందు అడగండి. సాధారణంగా డ్రాయింగుల మీద మీరు సంతకం పెట్టిన రోజు నుంచి. దానికి ముందు కొలతలు, లేఅవుట్, త్రీడీ బొమ్మలు, లామినేట్ (చెక్క మీద అంటించే పల్చటి రంగు షీట్) రంగులు తేల్చుకోవడానికే నెల గడిచిపోతుంది. ఇంట్లో ఒకరికి నచ్చిన రంగు ఇంకొకరికి నచ్చదు కదా!

త్రీడీ బొమ్మ చూసి మురిసిపోవద్దు. అసలు కూర్చుని చూడాల్సింది కరెంటు డ్రాయింగ్. మంచం తల ఎటు, టీవీ ఎక్కడ, మిక్సీకి ప్లగ్ ఎక్కడ, నీళ్ల ఫిల్టర్‌కి పైపు ఎటు, చిమ్నీ గొట్టం ఏ గోడలోంచి బయటికి పోతుంది... ఇవన్నీ అప్పుడే తేలిపోవాలి. సైట్‌లో మొదటి పని గోడలు కోసి పైపులు వేయడమే. వార్డ్‌రోబ్ బిగించాక దాని వెనక స్విచ్‌బోర్డు చిక్కుకున్న ఇళ్లు ఎన్ని చూశానో.

తర్వాత ఫాల్స్ సీలింగ్ ఫ్రేమ్, అందులో వైరింగ్, ఆపైన జిప్సం బోర్డు. పుట్టీ, ప్రైమర్, ఒక కోటు రంగు. అప్పుడు చెక్కపని. ఆఖరి కోటు మాత్రం కార్పెంటర్లు వెళ్లాకే వేయించండి, లేకపోతే గోడల నిండా గీతలే.

కొటేషన్ సంగతి. వార్డ్‌రోబ్‌ని ముందు భాగం కొలిచి చదరపు అడుగుల్లో లెక్కేస్తారు. 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అంటే 49. ఆ రేటులో లోపలి డ్రాయర్లు, హ్యాండిళ్లు, పైన లాఫ్ట్ (అటక), 18 శాతం జీఎస్టీ ఉన్నాయో లేదో రాయించుకోండి. వంటగది సింకు కింద పెట్టే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అని గుర్తు. షీట్ దిగిన రోజే వెళ్లి చూడండి, లామినేట్ అంటించాక కనపడదు. డబ్బు విడతలుగా ఇస్తారు కదా, చివరి విడత కాస్త పెద్దదిగా ఉంచుకోండి. తలుపు సరిగ్గా పడట్లేదు, అంచు ఊడింది లాంటి చిల్లర పనులకి మనుషుల్ని రప్పించేది ఆ మిగిలిన డబ్బే.

ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి శ్రావణం రాగానే అందరూ ఒకేసారి ఇల్లు కావాలంటారు. ఇక్కడి కార్పెంటర్లలో చాలామంది రాజస్థాన్, యూపీ, బిహార్ వాళ్లు. హోలీకి, దీపావళికి ఊరెళ్తే ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు. నన్నడిగితే ఖాళీ ఇంట్లోనే పాలు పొంగించేసి, తర్వాత పని మొదలుపెట్టించండి. ముహూర్తం తరుముకు రాకపోతే లామినేట్ అంటించిన గమ్ ఆరేదాకా ఎవరైనా ఆగుతారు.