సుగ్గికి పోయి వచ్చేసరికి పిల్లలు హోమ్‌లో!

ప్రశ్న: మేడమ్, మాది కోసిగి దగ్గర పల్లె. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయాను. తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు మా ఆయన దగ్గర ఉన్నారు. ఆయన తాగొచ్చి బాబును బెల్టుతో కొట్టాడంట. పక్కింటివాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే, ఇద్దరినీ కర్నూలు తీసుకుపోయి వేర్వేరు హోముల్లో పెట్టారు. సర్కారు తీసుకుంటే ఇంక ఇవ్వరని ఊర్లో అంటున్నారు. ఇరవై వేలిస్తే విడిపిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఏం చేయాల?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: ముందు ఆ ఇరవై వేల సంగతి. ఒక్క రూపాయి ఇవ్వొద్దమ్మా. పిల్లల విషయం తేల్చేది బాలల సంక్షేమ కమిటీ, అదే సీడబ్ల్యూసీ. అక్కడ ఫీజు లేదు. వకీలు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా పెడతారు.

ఇంక ఇవ్వరన్నది ఉత్త మాట. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ఇంట్లోవాళ్లే కొట్టినా, పట్టించుకోకుండా వదిలేసినా బిడ్డను తీసుకెళ్లొచ్చు. అయితే ప్రయాణం పోను 24 గంటల్లో కమిటీ ముందు పెట్టాలి. మీ ఇల్లూ వాకిలీ విచారించి 15 రోజుల్లో నివేదిక, నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గమని చట్టంలోనే ఉంది. మీరు కూలికి పోవడం నేరమేమీ కాదు.

కానీ కమిటీ మిమ్మల్ని ఒకటి గట్టిగా అడుగుతుంది: మళ్లీ సుగ్గికి పోతే పిల్లలు ఎవరి దగ్గర? దీనికి జవాబు లేకుండా పోయి ఏడిస్తే వాయిదా పడుతుంది, అంతే. ఆ మధ్య ఒక తండ్రి బొరుగుల సంచితో కమిటీ ముందుకు వచ్చాడు. "పాప ఎన్నో తరగతి?" అని మెంబరమ్మ అడిగితే ఫ్యాను వైపు చూశాడు. ఆ పిల్ల బొరుగులైతే తీసుకుంది గానీ, ఆయన పక్కన కూర్చోలేదు. ఆ రోజు పంపలేదు. నాకైతే సబబే అనిపించింది.

ఆధార్, రేషన్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్ ఎట్లాగూ తీసుకుపోతారు. పిల్లల్ని చూసుకుంటానన్న మీ అమ్మనో అక్కనో కూడా వెంట తీసుకుపోండి, ఆ మాట ఆమే చెప్పాల. మీ ఆయన్ని వెనకేసుకురావద్దు. బాబు ఒంటి మీద వాతలు కనబడుతుంటే "ఆయన అట్లాంటోడు కాదు" అన్నారంటే మీ మాట కూడా నమ్మరు. మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది, అదీ అడగండి.

ఉత్తర్వు మీకు నచ్చకపోతే 30 రోజుల్లో బాలల న్యాయస్థానంలో అప్పీలు చేసుకోవచ్చు. కమిటీ తీరు మీదే ఫిర్యాదుంటే కలెక్టరు దగ్గరికి.

ఇవన్నీ అయ్యేదాకా ఊర్లో కూర్చోవద్దు. పిల్లల్ని చూడడానికి అనుమతి అడిగి ఈ వారమే పోండి. ముందు బాబు దగ్గరికి పోండి.