ఒకే క్షేత్రంలో రెండు రాత్రులు

కుటుంబంతో సెలవులకు వెళ్లి వస్తే మనసు తేటపడుతుందని అందరూ అంటున్నా, మీరు మాత్రం ప్రతిసారీ అలసటతో, చిరాకుతో ఇల్లు చేరుతున్నారనీ, అటువంటి ప్రయాణంలో నిజంగా మనశ్శాంతి పొందినవారు ఉంటే చెప్పమనీ కర్నూలు నుంచి అడిగారు. ఇదే అవస్థ నేనూ రెండేళ్ల క్రితం పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది అనంతపురం. ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా నాయన పోయిన తరువాత ఏడాది పాటు ఆచారం ప్రకారం మేము ఏ క్షేత్రానికీ వెళ్లలేదు. ఆ ఏడాదంతా అమ్మ పొద్దున్నే దీపం పెట్టేది, తన పని తాను చేసుకునేది, కానీ మాట తగ్గిపోయింది. నేనూ రోజూ దేవుడి ముందు నిలబడేవాణ్ణి గానీ, చేతులు జోడించిన ఆ రెండు నిమిషాల్లోనూ నా మనసు సిలబస్ మీదో, ఇంటి అప్పు మీదో ఉండేది. సంవత్సరీకం పూర్తయ్యాక, అమ్మను నాలుగు గుళ్లకు తిప్పితే తేరుకుంటుందని, దసరా సెలవుల్లో కారు మాట్లాడుకొని, యాగంటి, మహానంది, అహోబిలం, శ్రీశైలం మూడు రోజుల్లో చుట్టి రావాలని నిర్ణయించాను.

అన్నీ చూశాం, అంటే అన్నిచోట్లా దిగి ఎక్కాం. బయలుదేరే ముందు రోజంతా నా భార్య సద్ది కట్టడంలో, బట్టలు సర్దడంలో గడిపింది. అంటే ఆమెకు సెలవు మొదలైందే అలసటతో. ఎగువ అహోబిలం చేరేసరికి అమ్మకు మోకాళ్లు పట్టేసి, కారులోనే కూర్చుండిపోయింది. శ్రీశైలంలో వరుసలో నిలబడి నిలబడి చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు, నేను వాడి మీద చేయి చేసుకున్నాను. దేవుడి గడప ముందు పిల్లవాణ్ణి కొట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంటికి వచ్చిన మరునాడు అమ్మ నెమ్మదిగా, "ఏ ఊర్లో ఏ సామిని చూసినామో నాకు గుర్తే లేదు నాయనా" అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, అందుకే అది నన్ను చాలా రోజులు వదల్లేదు.

మరుసటి సంక్రాంతి సెలవుల్లో, భోగికి ముందే తిరిగి వచ్చేలా చూసుకొని, మహానందికి మాత్రమే వెళ్లాం. రెండు రాత్రులు, ఒకే క్షేత్రం. దారి తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె మీదుగా పోతుంది. ఆ దారిలోనే బేలం గుహలు ఉన్నాయి, పిల్లలు ఆగుదామన్నారు కూడా. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలను అరగంటలో చూసి పరుగెత్తడం కంటే, వాటి కోసమే ఇంకోసారి వద్దామని నచ్చజెప్పాను. వండి తీసుకుపోయే పని పెట్టుకోలేదు. చెనిక్కాయల పొడి, కొన్ని జొన్నరొట్టెలు తప్ప మిగతాదంతా అక్కడే తిన్నాం.

మీకు మహానంది తెలిసే ఉంటుంది. నల్లమల పాదాన ఉన్న ఆ గుడిలో, స్వామి కింద నుంచి ఉబికే ఊటనీరు కోనేటిలోకి వచ్చి, అక్కడి నుంచి బయటి పొలాలకు, అరటితోటలకు పారుతుంది. మేము తెల్లవారకముందే కోనేటికి చేరాం. ధనుర్మాసపు చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, కానీ నీళ్లలో కాలు పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి పూజల మీద అంత నమ్మకం లేదు, నేనూ బలవంతం చేయలేదు. "ఇది ఎలా నాన్నా?" అని అడిగింది. భూమి లోపలి నుంచి వచ్చే ఊటకు ఏడాది పొడుగునా వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుందనీ, మారేది బయటి గాలేననీ, అందుకే చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా తోస్తుందనీ చెప్పాను. కారణం తెలిశాక ఆమెకు ఆ నీటి మీద ఆసక్తి తగ్గలేదు సరికదా, అందరికంటే ఎక్కువసేపు అందులో ఉన్నది ఆమే. వెలుతురు వచ్చేకొద్దీ అడుగున ఉన్న రాళ్లు, ఎవరో వేసిన రూపాయి బిళ్ల స్పష్టంగా కనబడసాగాయి. అంత తేటనీళ్లలో తన పాదాలను తానే చూసుకుంటూ ఆ పిల్ల చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. అది ప్రార్థన కాదని నేను అనలేను.

అమ్మ మాత్రం మెట్టు మీద కూర్చొని, కొంగుతో మనవడి తల తుడుస్తూ, "పెండ్లైన కొత్తలో మీ నాయన నన్ను ఈడికి పిల్చుకొచ్చినాడు. నాకు నీళ్లంటే భయమని చేయి ఇడ్సకుండా పట్టుకున్నాడు" అంది. నలభై ఏళ్లు వాళ్లతో కలిసి బతికిన నాకు ఈ సంగతి తెలియదు. ఏడాదిన్నర తరువాత మా నాయన గురించి ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. మేము ఇంకో గుడికి వెళ్లే తొందరలో ఉండి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి మాకు చేయవలసిన పనేమీ లేదు. ఫోన్లన్నీ నా సంచిలో పెట్టాను, నాది కూడా. మొదటి రెండు గంటలు పిల్లలు విసుక్కున్నారు, దాన్ని ఓర్చుకోవాలి. తరువాత జేజి చుట్టూ చేరి స్థలపురాణం చెప్పించుకున్నారు: పుట్ట మీద పాలు కురిపిస్తున్న ఆవు, రాజు రాకకు బెదిరి, ఆ పుట్టనే తొక్కిందనీ, అందుకే ఇక్కడి లింగం మీద గిట్ట గుర్తు ఉందనీ. "సామికి నొప్పి కాలేదా జేజీ?" అని మావాడు అడిగితే, "అయ్యింటాది, అయినా ఆవును ఏమీ అనలేదు కదా" అంది అమ్మ. అక్టోబరులో వరుసలో వాణ్ణి కొట్టిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం గుడిలో నిలబడినప్పుడు, చాలా కాలం తరువాత, నేను ఏదీ కోరుకోలేదు. ఊరికే నిలబడ్డాను. మీరు అడిగిన మనశ్శాంతి నాకు దొరికింది అక్కడే.

ఇంటికి వచ్చాక అది అలాగే నిలిచిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ సోమవారం సాయంత్రాలు దీపం పెట్టాక టీవీ వేయకుండా అందరం పది నిమిషాలు అమ్మ దగ్గర కూర్చుంటున్నాం. పరీక్షల కాలంలో తప్పిపోతుంది, మళ్లీ మొదలుపెడతాం.

ఇక మీ విషయానికి వస్తే, మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులని రాశారు కాబట్టి ఎగువ అహోబిలం ఈసారికి వద్దు. మహానంది మీకు మాకంటే దగ్గర. శివరాత్రి రోజులు, కార్తీక సోమవారాలు మానుకొని, వారం మధ్యలో వెళ్లండి. కొంచెం దూరమైనా ఫరవాలేదనుకుంటే ఒంటిమిట్ట కూడా మంచిదే: కడప నుంచి తిరుపతి వెళ్లే రోడ్డు మీదే కోదండరామస్వామి గుడి, ఎదుట విశాలమైన ఆవరణ, పెద్దవాళ్లు మండపంలో నీడపట్టున ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందుగా మీ శ్రీమతిగారిని, ఈ ప్రయాణంలో ఏ పని తాను చేయకుండా ఉంటే బాగుంటుందో అడగండి. నేను రెండోసారికి గానీ అడగలేదు.