తులసిని పూజకు, దగ్గుకు వాడతాం కదా, వంటలో వేయొచ్చా?

వేయొచ్చు. థాయ్‌లాండ్‌లో వేస్తారు కూడా. మాంసం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, దించే ముందు గుప్పెడు తులసి ఆకులు కలిపే 'పద్ క్రపావ్' అక్కడ రోజూ తినే కూర. మన కోటలో ఉండే మొక్కే అది. మనకు మాత్రం తులసి అమ్మవారు, పోపులో వేయడానికి చెయ్యి రాదు. నాకూ రాదు.

మన నమ్మకాలు వేరే దారిలో వెళ్ళాయి. గ్రహణం పట్టకముందే తినే పదార్థాల మీద తులసి ఆకో దర్భో వేస్తాం. ప్రాణం పోయే వేళ నోట్లో తులసి తీర్థం పోస్తాం. తులాభారంలో బంగారానికి తూగని కృష్ణుడు ఒక్క తులసి దళానికి తూగాడని చెప్పుకుంటాం.

ఆకు నలిపి వాసన చూడండి, లవంగం గుర్తొస్తుంది. రెండింటిలోనూ యూజెనాల్ అనే వాసనిచ్చే పదార్థం ఉంది మరి. దగ్గుకు మా ఇంట్లో పదాకులు, నాలుగు మిరియాలు, అల్లం ముక్క రెండు గ్లాసుల నీళ్ళలో సగమయ్యేదాకా మరిగిస్తాం. గొంతుకు హాయిగా ఉంటుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు రోజూ తాగేముందు డాక్టర్‌ను అడగండి.

అన్నట్టు, సబ్జా గింజలు తులసివి కావు, రుద్రజడ అనే మరో మొక్కవి.